లెక్కపెట్టని బీకరు

తెల్లారి నాలుగింటికి
ట్యాంకు మూత తియ్యగానే
ఆర్టీమియా వాసన నా గొంతు పట్టుకుంది.
ఆరేళ్ళుగా ఈ హేచరీలో
ఉప్పూ నాచూ నా చొక్కాలోనే కాపురముంటున్నాయి,
ఏనాడూ ఎదురుతిరగలేదు.
బ్లోయర్ల హోరులో, కాలవ గట్టున కూచుని
కడుపులో లేనిదంతా కక్కాను.

"రాత్రి ఏం తిన్న్యావు మే?" అన్నాడు మాలకొండయ్య.

రాత్రి, పెంచలమ్మత్త
మామిడికాయేసి కాచిన చేపల పులుసు
దించకముందే నేను వాకిట్లో ఉన్నాను.
ఆమె గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.
ఏమీ అడగలేదు.
పోయినేడు అడిగింది, వీధంతా చెప్పింది.
తర్వాత ఆ వీధంతా వచ్చి ఓదార్చిపోయింది.

బాత్రూం కిటికీలో దాచిన పుల్ల మీద రెండో గీత
చూసేకొద్దీ
ఉందో లేదో తెలీనంత లేత.

నా పని లెక్కపెట్టడం.
బీకరు ముంచి వెలుతురుకి ఎత్తిపట్టి
ఎన్ని బతికున్నాయో పుస్తకంలో రాయడం.
పుట్టిన రెండు రోజులూ వాటికి తిండి పెట్టం,
తల్లి కట్టిచ్చిన సద్ది ఒంట్లోనే ఉంటుంది.
తర్వాత జోయా. వెనక సన్నటి దారం వేలాడితే
కడుపు నిండిందని మాకు సంబరం.
ఆ తర్వాత మైసిస్, తలకిందులుగా
వెనక్కి వెనక్కి ఈదుతుంది,
ముందు అనేది ఒకటుందని ఎవరూ చెప్పనట్టు.
నూటికి యాభై మిగిలితే మంచి బ్యాచి.
అరవై అయితే మాలకొండయ్య అందరికీ టీ చెప్తాడు.

నూటికి ఎన్నో చెప్పగలను.
ఒకటికి ఎంతో
ఏ పుస్తకంలో రాయాలి?

కావలి ఆస్పత్రిలో తెర నా వైపు తిప్పారు.
నల్లటి నీళ్ళలో కందిగింజంత.
"అదిగో, కొట్టుకుంటా ఉంది," అంది ఎస్తేరు సిస్టరు.
అలవాటు చొప్పున అడిగేశాను, తోక ఉందా అని.
ఆమె నవ్వలేదు.
"ఉంది. ఇంకో రెండు వారాల్లో కరిగిపోద్ది.
చేతులు ఇప్పుడు మొగ్గలే,
వేళ్ళు విడేది పదో వారానికి."

తిరుగు బస్సులో ఉలవపాడు రాకుండానే నిద్ర.
నోట్లో ఇనపమేకు చప్పరించిన రుచి.
రవికె తగిలినా రొమ్ములకి నొప్పి.
స్టాపు దగ్గర రవణయ్య బండితో ఉన్నాడు.
రాత్రుళ్ళు సీడు సంచులు తోలే మనిషి,
ఆక్సిజన్ నింపిన లక్ష ప్రాణాల్ని
గుంతల్లో ఎగరేసుకుంటా పోయేవాడు,
ఇంటిదాకా రెండో గేరు దాటలేదు.

తొమ్మిదో నెంబరు ట్యాంకు పడిపోయింది.
జోయా అంతా అడుగున తెల్లటి మడ్డి.
క్లోరిన్ పోసి వాల్వు తిప్పెయ్యాలి.
పోయినేడు నేనే తిప్పాను.
ఆ వారమే నాకూ పోయింది, పదకొండో వారం.
మూడు రోజులు సెలవు,
నాలుగోనాడు ట్యాంకు కడిగాను.

ఈసారి వాల్వు మీద చెయ్యి పెట్టి
"నువ్వు తిప్పుతావా, అన్నా?" అన్నాను.
మాలకొండయ్య నా మొహంలోకి చూశాడు,
బకెట్టు కింద పెట్టాడు, తిప్పాడు.
మర్నాడు డ్యూటీ కాగితంలో
క్లోరిన్ గది ఎదురుగా నా పేరు కొట్టేసి ఉంది.
ఎవరూ ఏమీ అనలేదు.

ఇవాళ బీకరు ఎత్తాను.
ట్యూబులైటు వెలుతురులో అంతా మైసిస్,
వెనక్కీ వెనక్కీ.
ఎంతసేపు చూశానో,
పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది.

పదకొండో వారం నిన్నటితో దాటింది.

ఇంటికొస్తే సట్టిలో వేడన్నం, నిమ్మకాయ ఊరగాయ.
నెల దాటింది, మా ఇంట పులుసు కాగి.
"ఈ మధ్య చేపలు బాలేవు మే," అంటుంది అత్త,
వాకిట్లోంచి పడవలు కనపడే ఊళ్ళో.
"ఇంకెన్నాళ్ళు బాగుండవత్తా?"
నిమ్మకాయ బద్ద నా కంచంలోకి జార్చి,
నా వైపు చూడకుండానే అంది:
"నీకు సయించేదాకా."